పుట్టలో పానా

నాగుల చవితి నాడు పుట్టలో పాలు పోస్తే పుణ్యం వస్తుందని తెలుగువాళ్ళందరికీ తెలుసు. అదే రోజు అదే పుట్టలో మరో వస్తువు కూడా పెడితే ఏం వస్తుందో మాత్రం ఈ భూగోళం మొత్తం మీద నాకొక్కడికే తెలుసు. తెలిసినవాడు చెప్పకపోవడం పాపం కనక చెబుతున్నాను. ముందుగా ఒక హెచ్చరిక. ఈ కథలో పాము రాదు. వచ్చి ఉంటే నా పరువు కాస్తయినా దక్కేది. పాము కరిచినవాణ్ణి చూసి జనం జాలిపడతారు. నాలాంటివాణ్ణి చూసి కుర్చీ దగ్గరికి లాక్కుంటారు.

ఎనభైల చివరి రోజులవి. నేనూ నా భార్య రాజ్యమూ సిడ్నీ శివార్లలో క్వేకర్స్ హిల్‌లో ఉండేవాళ్ళం. అప్పట్లో మా వీధిలో తెలుగు వినిపించాలంటే మేమిద్దరం పోట్లాడుకోవాలి. కనక తెలుగు బాగానే వినిపించేది. నేను ఇంజనీరుని. నీటి గొట్టాలు ఎక్కడెక్కడ వంకర తిరగాలో కాగితం మీద తిన్నగా గీయడం నా ఉద్యోగం. లోకంలో ప్రతి చిక్కుకీ ఎక్కడో ఒక పనిముట్టు పుట్టే ఉంటుందని నమ్మే వయసు.

ఆ ఏడాది బ్లాక్‌టౌన్ లైబ్రరీలో తలదిండంత పుస్తకం ఒకటి నా కంటబడింది. మెక్సికో అడవుల్లో మాయా జాతివాళ్ళు కట్టిన మెట్ల గోపురాలు, వాటి మీదికి పాకిన చెట్లు, చెట్ల మీదికి పాకిన కోతులు. వారం తిరిగేసరికి నేను సగం మాయలో పడిపోయాను. అక్కడికి వెళ్ళి, కారు అద్దెకి తీసుకుని, అడవిలో సొంతంగా నడుపుకుంటూ, గోపురాలెక్కుతూ, కోతుల్ని పలకరిస్తూ రెండు వారాలు తిరగాలని పథకం వేసి రాజ్యం ముందు పెట్టాను.

రాజ్యం పుస్తకం మూసి నా చేతికిచ్చింది. "నాకు నాలుగో నెల. అమ్మ వచ్చి ఇరవై రోజులు కాలేదు. కోతిని పలకరించడానికి మెక్సికో దాకా ఎందుకండీ, పొద్దున్నే అద్దం ముందు నిలబడితే సరిపోదూ?"

ఆఫీసులో నా పక్క బల్ల కెవిన్ నన్ను ఓదార్చాడు. వర్షారణ్యమూ, ఉక్కపోతా, పాత శిథిలాలూ అన్నీ మన క్వీన్స్‌లాండ్ ఉత్తరాన ఉన్నాయి మేట్, పైగా అక్కడ కారు సరైన పక్కనే నడుస్తుంది అన్నాడు. అలా మెక్సికో బదులు కెయిన్స్‌కి మూడు టికెట్లు కొన్నాను. మాయా నాగరికత చూద్దామనుకున్నవాడికి నాగరికత తగ్గి మాయే మిగిలింది.

మూడో టికెట్టు మా అత్తగారు సీతామహాలక్ష్మమ్మగారిది. తెనాలి నుంచి పురిటి సాయానికి వచ్చిన మనిషి. ఆవిడ నాతో నేరుగా మాట్లాడరు. కోపం కాదు, మర్యాద. అల్లుడితో అత్తగారు ముఖాముఖీ మాట్లాడటం వాళ్ళింట్లో పద్ధతి కాదు. నేను మోచేతి దూరంలో ఉన్నా సరే, చెప్పాల్సింది కూతురికి చెబుతారు. "కాఫీ చల్లారిపోతందని చెప్పమ్మా మీ ఆయనకి" అంటారు. నేను తాగేసి, బాగుందని మీ అమ్మగారికి చెప్పు రాజ్యం అంటాను. ఇలా రాజ్యం మా ఇద్దరి మధ్యా టెలిఫోను ఎక్స్ఛేంజి. కొన్ని కాల్స్ కలిపేది, కొన్ని కట్ చేసేది, కొన్నిటిని తనకి తోచినట్టు మార్చి కలిపేది. కాపురంలో సగం శాంతి ఆ మార్పుల చలవే.

సిడ్నీలో బయల్దేరే ముందే ఎక్స్ఛేంజి ద్వారా ఒక ముఖ్యమైన కాల్ వచ్చింది. మేము అక్కడుండే రోజుల్లోనే నాగుల చవితి. అత్తగారు పెళ్ళయిన దగ్గర్నుంచి ఒక్క చవితీ తప్పలేదు. ఈసారి అసలు తప్పకూడదు, ఎందుకంటే రాజ్యం కడుపులో ఉన్నది ఆవిడకి మొట్టమొదటి మనవడో మనవరాలో. ఆ బిడ్డ చల్లగా బయటపడాలని పుట్టలో పాలు పొయ్యాలి, పోసి వచ్చి దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టరు. మరి ఈ దేశంలో పుట్టలుంటాయా అన్నది ప్రశ్న.

ఉంటాయని చెప్పు, నాది పూచీ అన్నాను. పుట్ట అంటే మన్ను. ఆస్ట్రేలియా అంతా మన్నే. ఇంజనీరు లెక్క అంతవరకే వెళ్ళింది.

కెయిన్స్‌లో తెల్ల కారు అద్దెకి తీసుకుని కొండలెక్కాం. వర్షారణ్యం నిజంగా గొప్పగా ఉంది. చెట్టు మీద చెట్టు, దాని మీద తీగ, తీగ మీద జలగ, జలగ కింద నేను. జలగ నన్ను వదిలేసరికి అత్తగారు ఈ అడవి గురించి ఒక అభిప్రాయానికి వచ్చేశారు గానీ రాజ్యం ఆ కాల్ నాకు కలపలేదు. మూడోనాటికి కొండ దిగి పడమటి వైపుకి పోతే అడవి మాయమై ఎర్రనేల మొదలైంది. అక్కడో పాత గనుల ఊరు. నేను మాయా గోపురాలకి బదులుగా ఎంచుకున్న శిథిలాలు అక్కడే ఉన్నాయి: ఒకప్పుడు రాగి కరిగించిన కార్ఖానా, దాని పొగగొట్టాలు మూడు, కూలిన గోడలు నాలుగు.

నేను రెండు చేతులూ నడుముకి ఆనించి, చరిత్రకారుడి గొంతుతో, ఎనభై ఏళ్ళ కిందటివని ప్రకటించాను.

"ఎనభయ్యేనా?" అత్తగారు కూతురి వైపు తిరిగారు. "మా తెనాలి రైలు ప్లాట్‌ఫారం ఇంతకంటే పాతదే కదమ్మా. మూతబడ్డ రైసుమిల్లు చూడటానికి విమానం ఎందుకెక్కామో అడుగు."

రాజ్యం నాతో, "చాలా బాగుందంటోంది" అంది.

కానీ అదే సాయంత్రం ఊళ్ళోకి పోతుంటే నా దశ తిరిగింది. రోడ్డుకి రెండు పక్కలా చెదపుట్టలు. ఒకటీ రెండూ కాదు, జాతర బయటికొచ్చినట్టు వందలు. మోకాలెత్తువి, మనిషెత్తువి, మనిషి మీద మనిషి నిలబడ్డంతవి, ఎర్రగా, కోసుగా, శిఖరాలు తీరి. అత్తగారు కారాపించమన్నారు. దిగి, చెంగు భుజం చుట్టూ లాక్కుని, చాలాసేపు అలాగే నిలబడిపోయారు. "ఇది నాగలోకమేనమ్మా" అన్నారు చివరికి. "ఎంత దేశం తిప్పి ఎక్కడికి తెచ్చాడు నన్ను మీ ఆయన." పెళ్ళయిన నాలుగేళ్ళలో ఆవిడ నోట నేను విన్న మొదటి మెచ్చుకోలు. ఆ పుట్టలన్నీ స్వయంగా నేనే మన్ను నమిలి కట్టినంత వినయంగా తల వంచాను.

కారులో కూర్చున్నాక రేపటి నియమాలు చెప్పుకుపోయారు. చవితి నాడు నేల తవ్వకూడదు. కత్తిపీట ముట్టకూడదు. కడుపుతో ఉన్నదాని మొగుడు కొబ్బరికాయ కూడా కొట్టకూడదు, అది ఆవిడే కొడతారు. నేను తలూపుతున్నాను గానీ చెవులకి ఇంకా ఆ మెచ్చుకోలే వినబడుతోంది. మొదటి నియమం లోపలికి వెళ్ళలేదు. నా పతనం అక్కణ్ణుంచి మొదలు.

మోటెల్‌లో దిగాక, పెరట్లో ఉన్న చిన్న పుట్ట చుట్టూ సరదాగా ఒక ప్రదక్షిణం చేశాను. ఇంకోటి చేశాను. మూడోదానికి నా సరదా ఆరిపోయింది. పుట్టకి కన్నం లేదు.

మీరు ఆలోచించండి. మన ఊళ్ళలో పుట్టంటే నాలుగైదు నోళ్ళుంటాయి. దానికే కదా పాము, దానికే కదా పాలు. ఈ పుట్టలు నున్నగా, సిమెంటు దిమ్మెల్లా, అన్నివైపులా మూసుకుని ఉన్నాయి. మోటెల్ యజమానురాలు మార్జ్ బట్టలారేస్తోంది, ఆవిణ్ణి అడిగాను. చెదపురుగులు తలుపులు తెరిచి పెట్టుకోవు లవ్ అంది, చిన్న చిల్లు పడ్డా పూట తిరక్కుండా పూడ్చేస్తాయంది. మరి పాములు వీటిలో ఉండవా అన్నాను.

"పాములా?" క్లిప్పు నోట్లో పెట్టుకుని ఆలోచించింది. "ఉండవు లవ్. పాములు నా లాండ్రీ గదిలో ఉంటాయి."

లాండ్రీ గదిలో పాలు పోయించే ధైర్యం నాకు లేదు. రేపు పొద్దున్న అరవయ్యేళ్ళ మనిషి నీళ్ళు ముట్టకుండా పుట్ట చుట్టూ తిరిగి, నోరు లేదని తెలుసుకుని, వెనక్కొచ్చి అలాగే కూర్చుంటుంది. నా పూచీ, నాగలోకం, మెచ్చుకోలు మూడూ మట్టిలో కలుస్తాయి. మట్టిలో కన్నమే కదా సమస్య, కన్నానికి పనిముట్టు ఉండే ఉంటుంది అనుకున్నాను.

తెల్లవారి ఆరింటికి, ఆడవాళ్ళిద్దరూ తలంట్లలో ఉండగా, పాల ప్యాకెట్టుకని చెప్పి కారు తీశాను. ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో, మట్టిదారి పక్కన, రాత్రే మనసులో గుర్తు పెట్టుకున్న పుట్టొకటి ఉంది. పక్కనే మోకాలెత్తు పిల్లపుట్టలు పదున్నాయి, వాటిలో దేనికైనా వేలెడు చిల్లు పొడిస్తే పని అయిపోయేది. కానీ లైబ్రరీ పుస్తకం ఊరుకోనివ్వదే. నాకు గోపురమే కావాలి. తొమ్మిదడుగుల ఎత్తు, మెట్లు మెట్లుగా శిఖరం. మెక్సికో కాకపోతే పోయింది, మెక్సికోకి పెదనాన్నలా ఉంది.

కారు డిక్కీలో చక్రాల నట్లు విప్పే పానా ఉంది. ఇనుప కడ్డీ, ఒక చివర చదునుగా ఉలిలా, రెండో చివర పైకి వంగి, ఆ వంపు కొసన నట్టుకి తొడిగే గుండ్రటి తల. చదును కొసని పుట్టకానించి రాయితో కొట్టాను. పుట్ట నవ్వుకుంది. ఇంకా కొట్టాను. రాయి రెండు ముక్కలైంది. ఇంకో రాయి తెచ్చాను. మంచి చీమ ఎవరైనా ఉండి ఉంటే నా పుట్టలో వేలు పెడితే కుట్టనా అని అడిగేది. ఇవి చెదలు, అడగవు, లోపల్నుంచి మరమ్మతు మొదలుపెడతాయి. అరగంటకి జానెడు లోతు దిగింది. ఇక లాగితే కన్నం. లాగాను. రాలేదు.

తిప్పాను, ఊపాను, వేలాడాను. రెండు కాళ్ళూ పుట్టకి తన్నిపెట్టి నేలకి సమాంతరంగా కూడా ఉన్నాను కాసేపు. పానా కదల్లేదు. ఎంతో కష్టం మీద దాని చుట్టూ వేలెడు సందు మాత్రం తొలిచాను. సూర్యుడు చెట్ల మీదికొచ్చాడు. అక్కడ అత్తగారు దాహంతో ఎదురుచూస్తూ ఉంటారు. సరే, వంకరగా ఉన్నా కన్నం కన్నమే, ఈ ఇనుము ఏమిటని అడిగితే అప్పుడు చూద్దాం అనుకుని వెనక్కొచ్చేశాను. మార్జ్ దగ్గర ఆవు బొమ్మున్న పాల డబ్బా తీసుకున్నాను, అబద్ధం పూర్తిగా అబద్ధం కాకూడదని.

ఎనిమిదింటికి పూజాద్రవ్యాలతో చేరాం. అత్తగారు పట్టుచీర, చేతిలో రాగి చెంబు, డబ్బాలో సిడ్నీ నుంచి తెచ్చిన చలిమిడీ, నువ్వుల చిమ్మిలీ. పుట్టని తలెత్తి చూశారు. చుట్టూ నడిచారు. అవతలి పక్క ఆగిపోయారు.

"అమ్మాయ్, ఇట్టా రా" అన్నారు. "ఇక్కడెవరో నాగపడగ ప్రతిష్ఠ చేశారే."

చూశాను. పైకి వంగిన ఆ ఇనుప మెడా, దాని కొసన గుండ్రటి తలా. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, అదే తోవన పోయే పాము కూడా తమ్ముడూ అని పలకరించేలా ఉంది.

"ఎవరు పెట్టుంటారో అడుగమ్మా మీ ఆయన్ని."

ఇక్కడ నిజం చెప్పేయవచ్చు. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. కానీ నోట్లోంచి లైబ్రరీ పుస్తకం బయటికొచ్చింది. వెనకటి రోజుల్లో ఈ గనుల్లో పనికి వచ్చిన మనవాళ్ళెవరో పెట్టి ఉంటారు, ఎనభై ఏళ్ళ కిందటిదై ఉంటుంది అన్నాను. ఎనభై ఏళ్ళయినా తుప్పు పట్టలేదేమిటని ఆవిడ సందేహం. ఇక్కడ గాలి పొడిగా ఉంటుందని నా జవాబు.

రాజ్యం ఆ ఇనుము వంకా, నా గోళ్ళలోని ఎర్రమట్టి వంకా ఓసారి చూసింది. తర్వాత తల్లి వైపు తిరిగి, "మహిమ అంటున్నారమ్మా" అని కలిపింది.

ఆ మాటతో పానా దైవమైపోయింది. అత్తగారు దానికి నీళ్ళు పోసి కడిగారు, పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, మార్జ్ పెరట్లో కోసిన కాగితప్పూలు మెడకి చుట్టారు. కొబ్బరికాయ ఆవిడే కొట్టారు. చెంబులో పాలు పోస్తే నేను తొలిచిన సందులోకి గుటగుటా దిగిపోయాయి. "తాగుతున్నాడు తండ్రి" అని కళ్ళు తుడుచుకున్నారు. పుట్టమన్ను తీసి రాజ్యం చెవులకి రాసి, నాక్కూడా రాయమని రాజ్యానికిచ్చారు. రాజ్యం నా చెవికి మన్ను రాస్తూ, పెదవి కదలకుండా, "ఈవెనింగ్ మాట్లాడుకుందాం" అంది.

నేనేమీ కంగారు పడలేదు. కార్యం సఫలమైంది. పానా అక్కడే ఉండిపోనీ, పానాతో మనకి పనేమిటి. ఇక మోటెల్‌కి వెళ్ళి, టీవీ మీద పెట్టిన పటం ముందు దీపం వెలిగించగానే అత్తగారు మంచినీళ్ళు తాగుతారు. పానాతో పనేమిటి అని ఇంకోసారి కూడా అనుకున్నాను, ఈల వేస్తూ. ఆ రెండోసారి అనుకుంటూండగానే వెనక చక్రం పంక్చరైంది.

పుట్ట నుంచి అరకిలోమీటరు కూడా రాలేదు. డిక్కీ తెరిచాను. స్టెప్నీ ఉంది. జాకీ ఉంది. పానా ఉండాల్సిన చోట పానా ఆకారంలో ఖాళీ ఉంది. దాన్నే చాలాసేపు తడిమాను.

రాజ్యం దిగి వచ్చింది. "స్పానర్ కోసమా?"

"అవును."

"నాగేంద్రుడి దగ్గరుంది."

ఎండ ముదురుతోంది. కారు పెనంలా ఉంది. అత్తగారు వెనక సీట్లో పెదాలు తడుపుకుంటూ, చెంబులో మిగిలిన నీళ్ళవైపు కూడా చూడకుండా కూర్చున్నారు. ఊరికి అయిదున్నర కిలోమీటర్లు. నేను నడిచెళ్ళి మనిషిని తీసుకొచ్చేసరికి పెద్దావిడ సొమ్మసిల్లి పడిపోతే? పక్కన కడుపుతో ఉన్న మనిషి. నవ్వులాట ఆగిపోయిన చోటది. సాయం చూసొస్తానని చెప్పి, వాళ్ళిద్దర్నీ చెట్టునీడలో కూర్చోబెట్టి, పుట్ట వైపుకి పరిగెత్తాను.

పొద్దున్న రానిది ఇప్పుడెందుకొస్తుంది అని మీరడగొచ్చు. నేనడుక్కోలేదు. పాలు తాగి మన్ను మెత్తబడి ఉంటుందని నా సిద్ధాంతం. నిజానికి చెదపురుగులు ఆ పాలతోనే మన్ను పిసికి సందు సగం పూడ్చేశాయి. పైగా పానాకి పసుపూ కుంకుమా నీళ్ళూ కలిసి నూనె రాసినట్టు జారుతోంది. చేతికి రుమాలు చుట్టుకున్నాను. ఎడమచెయ్యి పుట్ట మెడ చుట్టూ వేశాను. కుడికాలెత్తి పుట్ట గుండెలకి ఆనించి, పళ్ళు బిగించి లాగుతున్నాను. పానా మెళ్ళోని దండ ఊడి నా మెళ్ళో పడింది.

"బాబూ, కాలు తియ్యండి."

నాతో నేరుగా ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది. తిరిగి చూస్తే గొడుగు కింద అత్తగారు, పక్కన రాజ్యం. పూజ దగ్గర మర్చిపోయిన కొబ్బరిచిప్పల కోసం వచ్చారట. కాలు తీశాను. చెయ్యి తియ్యడం మర్చిపోయాను. అల్లుడు నాగదేవత గుండెల మీద తన్ని పడగ పీకుతున్న దృశ్యం చూసిన అత్తగార్లు చరిత్రలో ఎందరున్నారో నాకు తెలీదు.

నేను పుట్టని కౌగిలించుకుని ఉండగానే దుమ్ము లేపుకుంటూ ఒక పాత ట్రక్కు వచ్చి ఆగింది. మట్టి రోడ్లు చదును చేసే పనిలో ఉన్న స్టాన్ అనే పెద్దాయన దిగాడు. టోపీ వెనక్కి నెట్టుకుని, నన్నూ, నా మెళ్ళో పూలనీ, పసుపు చేతుల్నీ, గొడుగు కింద పట్టుచీరనీ తీరిగ్గా చూశాడు. ఆ దేశంలో ఎంత వింత జరిగినా అడిగేది క్షేమమేనా అన్న ఒక్కటే ప్రశ్న.

"యూ రైట్, మేట్?"

అత్తగారికి ఇంగ్లీషు రాదన్న ధైర్యంతో మొత్తం కక్కేశాను. కారు పంక్చరైందనీ, పానా ఇందులో ఇరుక్కుందనీ, ఇరికించింది నేనేననీ, పొద్దున్నే వచ్చి రాయితో కొట్టాననీ, మా అత్తగారికి ఇందులో పాలు పొయ్యడానికి కన్నం కావాల్సివచ్చిందనీ. ఇందులో ఏ ముక్క ఆయనకి అర్థమైందో గానీ అన్నిటికీ తలూపాడు.

"ఏమన్నాడమ్మా?" అన్నారు అత్తగారు.

రాజ్యం నా వైపు చూసింది. నేను రాజ్యం వైపు చూశాను. నాలుగేళ్ళుగా మార్చి, కత్తిరించి, తీపి కలిపి కాల్స్ అందించిన మనిషి. ఈ ఒక్కటీ కట్ చేస్తే చాలు, జన్మంతా రుణపడి ఉంటానని కళ్ళతోనే దణ్ణం పెట్టాను. ఆ కాల్‌ని మాత్రం ఒక్క అక్షరం మార్చకుండా, రాయి రెండు ముక్కలైన సంగతితో సహా కలిపింది.

అత్తగారు గొడుగు మూశారు. వేళ్ళు మడవడం మొదలుపెట్టారు. "చవితి నాడు తవ్వాడు, ఒకటి. తవ్వితే తవ్వాడు, పుట్టనే తవ్వాడు, రెండు. పెళ్ళాం కడుపుతో ఉండగా, మూడు. దేవుడి ముందు అబద్ధమాడాడు, నాలుగు. కాలితో తన్నాడు." చేతికి వేళ్ళైపోయాయి. "ఎందుకు చేశావని అడుగమ్మా."

ఇక ఎక్స్ఛేంజిని నమ్మదలుచుకోలేదు. నేనే చెప్పాను. "కన్నం లేకపోతే మీరు నీళ్ళు తాగరని, అత్తయ్యగారూ. బిడ్డకోసం మీరు అనుకున్నది జరగదేమోనని."

అత్తగారు పుట్ట దగ్గరికి వెళ్ళి, నేను కాలు పెట్టిన చోట కొంగుతో తుడిచారు. సందులోకి వంగి చూశారు. చూసి, కూతురితోనే అన్నారు. "పాలు లోపలికైతే పోయినయ్యి. పోసింది పోసినట్టే. అయినా పాము మాత్రం పుట్ట కట్టుద్దా ఏంది, ఎవరో కట్టినదాంట్లో దూరుద్ది. మీ ఆయనా ఆ జాతే." నేను ఊపిరి పీల్చుకోబోతుంటే ఆవిడ ఆగలేదు. "తవ్వినందుకు మాత్రం లెంపలేసుకుని ఇరవయ్యొక్క గుంజీలు తియ్యమను. పుట్టేది ఆడైనా మగైనా నాగయ్య పేరే పెట్టాలి. అట్టా అయితే నేను మంచినీళ్ళు తాగుతా."

అద్దె ఇంటి షరతులైతే బేరమాడేవాణ్ణి. ఎర్రటి ఎండలో, కాగితప్పూల దండ వేసుకుని, తొమ్మిదడుగుల చెదపుట్ట ముందు చెవులు పట్టుకుని గుంజీలు తీశాను. స్టాన్ గొంతు తగ్గించి రాజ్యాన్ని అడిగాడు, ఇతనేం చేస్తున్నాడని. క్షమాపణ చెబుతున్నాడంది. చెదపురుగులకా అన్నాడు. అవునంది. స్టాన్ కాసేపు ఆలోచించి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పదకొండో గుంజీ దగ్గర నేను లెక్క తప్పితే సర్దింది కూడా ఆయనే.

తర్వాత తన ట్రక్కులోంచి తన పానా తీసి పది నిమిషాల్లో చక్రం మార్చేశాడు. నేను పుట్టని కౌగిలించుకున్నంతసేపు రోడ్డు పక్కన ఊరికే నిలబడి ఉంటే జరిగేది ఇదే. నా పానా కూడా ఊడదీసిపెట్టమని బతిమాలాను. వద్దన్నాడు. పెద్దావిడ ఇప్పుడే అంత శ్రద్ధగా రంగులు వేశారు, ముట్టుకోను అన్నాడు. అత్తగారు ఆయన చేతిలో చలిమిడి పెట్టారు. తిని, ఇంకొంచెం అడిగాడు. నాకంటే యోగ్యుడని అత్తగారు నిర్ణయించారు. ఆ కాల్ కూడా రాజ్యం మార్చకుండానే కలిపింది.

మోటెల్‌లో దీపం వెలిగింది. అత్తగారు గ్లాసు మీద గ్లాసు మూడు గ్లాసులు తాగారు. నేను కుర్చీలో కూర్చోలేకా లేవలేకా రెండు రోజులు కారుని మాత్రం నడిపాను.

వేసవి వెళ్ళాక బ్లాక్‌టౌన్‌లో మా అమ్మాయి చల్లగా పుట్టింది. మాట ప్రకారం నాగమణి అని పేరు పెట్టాం. అమ్మమ్మ పోలిక, నిలదీసి అడిగే రకం. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. హైస్కూల్లో ఉండగా ఒక ఆదివారం రాజ్యం దానికి ఈ కథ మొత్తం చెప్పింది, గుంజీలు అభినయించి మరీ. మణి నవ్వలేదు. నా ఎదురుగా వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"సో బేసిక్‌లీ, డాడ్, యూ నేమ్డ్ మీ ఆఫ్టర్ ఎ కార్ పార్ట్."

అది కారు సామాను పేరు కాదమ్మా, సాక్షాత్తూ నాగదేవత పేరు అన్నాను, ఉన్న గాంభీర్యమంతా కూడగట్టుకుని.

"నాగదేవత వాజ్‌న్ట్ ఈవెన్ హోమ్, డాడ్."

ఇంట్లో లేని దేవుడికి తలుపు పగలగొట్టి పాలు పోయించిన మాట వాస్తవం. అందుకని, పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా, ఇంకా నొప్పి మర్చిపోని మోకాళ్ళ మీద చేతులు పెట్టి ప్రమాణం చేస్తున్నాను. దేవుడు నోరు పెట్టని చోట ఇక నేను నోరు పెట్టను, కన్నం లేని చోట కన్నం వెయ్యను, పూచీ అడిగినా అడక్కపోయినా ఏ అత్తగారి పుణ్యానికీ ఇంజనీరింగు చెయ్యను. ఇంతకీ ఎవరికైనా పాలు పొయ్యడానికి కన్నం తప్పనిసరిగా కావాల్సివస్తే నా చెవి సిద్ధంగా ఉంది. రాజ్యం చెప్పినదాన్ని బట్టి ఈ చెవిలో పోసింది ఆ చెవి నుంచి బయటికి వచ్చేస్తుంది.